స్కాన్ చేసిన వారసత్వానికి ఏటా పద్దు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఆర్థిక, సాంస్కృతిక, పౌర గ్రంథాలయ శాఖల బాధ్యులకు,
జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు,
తాళపత్రాలు, పాత పత్రికలు ఉన్న విశ్వవిద్యాలయాల, దేవస్థానాల పాలకమండళ్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. తాటాకు కట్టలు శుభ్రం చేసేవాళ్లం, కెమెరా కింద ఆకు తిప్పేవాళ్లం, సూచీలు రాసేవాళ్లం, ఫైళ్లకు కాపలా కాసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇదే విషయం మీద ఇంతకుముందు విడివిడిగా ఇచ్చుకున్న వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

డిజిటలీకరణకు అసలు డబ్బే ఇవ్వడం లేదని మేం అనడం లేదు. స్కానింగ్‌కు ఇస్తున్నారు. స్కాన్ అయినదాన్ని నిలబెట్టడానికే ఇవ్వడం లేదు. పథకం వస్తుంది, టెండరు పిలుస్తారు, పేజీకి ఇంత అని బిల్లు పాసవుతుంది, హార్డ్ డిస్కులు అట్టపెట్టెలో అప్పగిస్తారు, వెబ్‌సైట్ ప్రారంభిస్తారు, పద్దు మూసేస్తారు. ఆ మర్నాటి నుంచి ఆ ఫైళ్ల బాగోగులు ఏ ఉద్యోగి జాబ్‌చార్టులోనూ ఉండవు. నాలుగైదేళ్లకు డిస్కు తిరగదు, డొమైన్ రెన్యువల్ కాదు, సర్వర్ పాస్‌వర్డ్ తెలిసిన ఔట్‌సోర్సింగ్ కుర్రాడు ఇంకో ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటాడు. మళ్లీ కొత్త పథకం కింద అవే పుస్తకాలను మొదటి నుంచి స్కాన్ చేయిస్తారు. రెండోసారి తెరిచేటప్పటికి కాగితం మరింత పెళుసెక్కి ఉంటుంది.

వివరాలు వరసగా మనవి చేస్తున్నాం.

1. మన కళ్ల ముందే జరిగింది

2000 దశకంలో పది లక్షల పుస్తకాల లక్ష్యంతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి సంకల్పం అది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు, మన గ్రంథాలయాలు ఎన్నో అందులో పాలుపంచుకున్నాయి. వేల తెలుగు పుస్తకాలు మొదటిసారి ఇంట్లో కూర్చుని చదువుకునే వీలు కలిగింది. తరువాత ఆ సైటు మూతపడింది. ఈ రోజు ఆ పుస్తకాలు మనకు దొరుకుతున్నాయంటే, ముందుచూపున్న కొందరు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టే. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అక్కడున్నాయి. వారికి తెలుగువాళ్లంతా రుణపడి ఉన్నాం.

కానీ ఆలోచించండి. ప్రజల సొమ్ముతో స్కాన్ చేసిన మన పుస్తకాలు చివరికి విరాళాల మీద నడిచే ఒక అమెరికా సంస్థ సర్వర్లలో తలదాచుకుంటున్నాయి. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఆ సంస్థ సైటు కొన్ని రోజులు పూర్తిగా ఆగిపోయింది. అంతకు ఏడాది ముందు, 2023 అక్టోబరులో, తెలుగు రాతప్రతులూ పాత ముద్రణలూ ఉన్న బ్రిటిష్ లైబ్రరీ మీద దాడి జరిగితే అక్కడి ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి కోలుకోలేదు. అంతంత సంస్థలకే తప్పనిది మనకు తప్పుతుందా? ఒక చోట పోయినా ఇంకో చోట మిగలాలి. ఆ ఇంకో చోటు మన రాష్ట్రాల్లో ఈ రోజుకీ లేదు.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఆ రోజుల్లో ఫైలు చిన్నదిగా ఉండాలని చాలా పుస్తకాలను అచ్చమైన నలుపు-తెలుపులో స్కాన్ చేశారు. బూడిద ఛాయలు ఉండవు, ప్రతి చుక్కా నలుపో తెలుపో అయి తీరాలి. చెమ్మ మరక నల్లమచ్చగా మారి కింది అక్షరాలను మింగేసింది. అరసున్నలు, సన్నని పొల్లులు ఎగిరిపోయాయి. ఫొటోలు మసిముద్దలయ్యాయి. మూల ప్రతి ఇంకా బతికి ఉంటే మళ్లీ స్కాన్ చేయాల్సిందే. అప్పుడు మిగిల్చామనుకున్నది ఇప్పుడు రెండింతలై మీద పడుతోంది.

2. పేజీ రేటు టెండరుతో తాళపత్రానికి జరిగే హాని

తక్కువ ధర వేసినవాడికే పని అన్న ఎల్-1 పద్ధతి సిమెంటు బస్తాలకు సరిపోతుందేమో, తాటాకుకు సరిపోదు. కారణం దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఒక మామూలు కట్ట తీసుకుందాం. నలభై సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, వంద ఆకులు, పైనా కిందా చెక్క పలకలు, రంధ్రంలోంచి తాడు. ముందు తాడు విప్పాలి. పాత తాడు ఆకు రంధ్రానికి అతుక్కుపోయి ఉంటుంది, లాగితే రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది, కాబట్టి తాడునే కోయాలి. ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే సన్నని వెదురు బద్దతో అంచు నుంచి మెల్లగా విడదీయాలి. మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. సిరా ఊడదని ముందు ఒక మూల పరీక్షించుకుని, ఆల్కహాల్‌లో తడిపిన దూదితో ఆకు నిలువునా, ఈనె వాటంగా తుడవాలి. ఎండి పెళుసైన ఆకుకు నిమ్మగడ్డి నూనె పలచగా రాస్తే మళ్లీ వంగుతుంది, పురుగూ దూరంగా ఉంటుంది. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి మొదటికే మోసం.

తరువాత అక్షరం. గంటంతో గీసిన అక్షరానికి రంగుండదు, అది ఒట్టి గాడి. పూర్వం పసరులో దీపపు మసి కలిపి రుద్దితే గాడిలో నలుపు నిలిచి అక్షరం తేలేది. మసి పూయని ఆకులు, మసి రాలిపోయిన ఆకులు ఎన్నో ఉంటాయి. అలాంటి ఆకు మీద నిటారుగా లైటు వేసి ఫొటో తీస్తే ఖాళీ ఆకు పడుతుంది. లైటును పక్కకు దించి, ఆకుకు దాదాపు సమాంతరంగా వేస్తే గాడిలో నీడ పడి అక్షరం కనిపిస్తుంది. ఇది తెలిసినవాడు రెండు ఫొటోలు తీస్తాడు. పేజీకి ఇంత అని లెక్క కట్టి ఇచ్చేవారి దగ్గర పనిచేసేవాడు ఒక్కటే తీస్తాడు, ఎందుకంటే రెండోదానికి డబ్బు రాదు. ఇంకా ఘోరం ఏమిటంటే, వంగిన ఆకును బల్ల స్కానర్ మీద పెట్టి మూత నొక్కడం. ఫటుక్కున విరుగుతుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు, విరిగిన ఆకుల ముక్కలు కవర్లలో వేసి వెనక్కి వస్తున్నాయి.

చెడిన కట్టకు శుభ్రానికే రెండు మూడు రోజులు పడుతుంది, ఫొటోలు తీయడం ఒక పూట పని. టెండరు ఆ ఒక్క పూటకే కూలి కడుతోంది. పాత లేఖకులు కట్ట చివర రాసుకున్న ప్రార్థనలో నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి నన్ను కాపాడమని పుస్తకమే వేడుకుంటుంది. సడలిన కట్టులో ఆకులు ఒకదాని మీద ఒకటి జరిగి అంచులు అరుగుతాయి, అందుకే ఆ మాట. స్కానింగ్ అయ్యాక కట్టను మళ్లీ సరిగ్గా బిగించి గుడ్డలో చుట్టే పనికి కూడా మన టెండర్లలో ఒక్క పంక్తి ఉండదు.

3. ఫైలు బరువు ఎంత, అసలు ఖర్చు ఎక్కడ

పైన చెప్పిన ఆకును అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో తీస్తే ఒక పక్కకు సుమారు 27 ఎంబీ అవుతుంది. వంద ఆకులు, రెండు పక్కలు, మొత్తం 200 బొమ్మలు: కట్టకు 5.4 జీబీ. వెయ్యి కట్టలకు 5.4 టీబీ. మూడు ప్రతులు ఉంచితే 16 టీబీ. పాత దినపత్రిక పెద్ద పేజీ 400 చుక్కలతో రంగుల్లో తీస్తే ఒక్కొక్కటి 170 ఎంబీ దాటుతుంది. నష్టం లేని కుదింపు వాడితే ఇంచుమించు సగానికి తగ్గుతుంది.

ఈ అంకెలు చూసి భయపడాల్సింది లేదు. కంప్యూటర్ ఫైళ్లు దాచే ఎల్‌టీఓ-9 రకం అయస్కాంత టేపు ఒక్కదానిలో 18 టీబీ పడుతుంది. వెయ్యి కట్టల మూడు ప్రతుల మొత్తం బరువు ఒక టేపంత కూడా లేదు. అంటే నిల్వ సామగ్రి ఖర్చులో చిన్న భాగం. పెద్ద భాగం మనిషి. ప్రతి ఫైలుకూ షా-256 వంటి సరిచూపు సంఖ్య రాసి పెట్టుకుని, ఆర్నెల్లకోసారి మళ్లీ లెక్కగట్టి, ఎక్కడైనా ఒక బిట్టు మారిందేమో చూసి, మారితే రెండో ప్రతి నుంచి బాగుచేసే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే మూడు ప్రతులూ మెల్లమెల్లగా పాడవుతాయి, ఎవరికీ తెలియదు. తెలిసే రోజుకు బాగుచేయడానికి మంచి ప్రతి ఉండదు.

టేపు శాశ్వతం అనుకోవడం ఇంకో పొరపాటు. ఎల్‌టీఓ-8 యంత్రం ఎల్‌టీఓ-6 టేపును చదవలేదు, తనకు ముందు తరమైన ఎల్‌టీఓ-7 వరకే చదువుతుంది. అంటే ఒకసారి టేపు మీద రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తే, కొన్నేళ్లకు టేపు బాగానే ఉంటుంది, చదివే యంత్రం మాత్రం దొరకదు. ఆరేడేళ్లకోసారి కొత్త తరానికి మార్చుకోవాలి. ఈ ఖర్చు ముందే తెలిసిన ఖర్చు. భవనానికి వెల్ల వేయించడం ఎలాగో ఇదీ అంతే. భవనానికి పద్దు ఉంది, దీనికి లేదు.

మూడు ప్రతులూ ఒకే ఊళ్లో పెట్టడం కూడా పనికిరాదు. 2014 అక్టోబరులో విశాఖ హుద్‌హుద్ చూసింది. 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరద చూసింది. ఒకటి తీరానికి దూరంగా, ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి నెట్‌కు తగలని టేపు మీద ఉండాలి.

4. సూచీ లేని స్కాన్ ఉన్నా లేనట్టే

పాత స్కాన్లలో పుస్తకం పేరు రోమన్ లిపిలో ఇష్టం వచ్చినట్టు కొట్టారు. రచయిత పేరు ప్రచురణకర్త గడిలో పడింది. రెండో సంపుటానికి మొదటి సంపుటం పేరుంది. వెతికేవాడికి ఆ పుస్తకం లేదన్నమాటే. ఒక్క సంకలన తాళపత్ర కట్టలో నాలుగైదు వేర్వేరు కృతులు ఉంటాయి, పై పలక మీద ఒక్కదాని పేరే ఉంటుంది. ఆకు ఆకూ చదివి, ఎక్కడ ఏది మొదలై ఎక్కడ ముగిసిందో రాయగల పండితుడికి మన ప్రాజెక్టుల్లో కేటాయింపే ఉండడం లేదు. డేటా ఎంట్రీ కింద లెక్క కట్టి సరిపెడుతున్నారు.

అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అంటారు. కొత్త అచ్చుకు బాగానే పనిచేస్తోంది. వందేళ్ల నాటి అచ్చు దగ్గర తడబడుతుంది. అక్షరం పక్కన రకారానికి బదులు వేసే వలపలగిలకను తెలుగు తొమ్మిది అంకె (౯) అనుకుంటుంది, దాంతో 'ధర్మము' అని వెతికితే ఆ పుటలు రావు. దంత్య చ, జ అక్షరాల నెత్తిన ఉండే గుర్తు, బండి ఱ, అరసున్న, నకారపొల్లు అన్నింటితోనూ ఇదే తంటా. మనుషులు దిద్దిన కొన్ని వేల పుటలు ముందు తయారైతే సాఫ్ట్‌వేర్‌కు నేర్పవచ్చు. తెలుగు వికీసోర్సులో జీతం లేకుండా ఆ దిద్దుబాటు చేస్తున్నవాళ్లున్నారు. ప్రభుత్వం అలాంటి పనికి పుటకు కొంత పారితోషికం ఇస్తే పల్లెల్లో ఉన్న తెలుగు పట్టభద్రులకు ఇంటి దగ్గరే పని దొరుకుతుంది.

5. డిజిటల్‌గానే పుట్టి చచ్చిపోతున్నవి

ఇది ఎవరూ మాట్లాడని సంగతి. 1990ల నుంచి మన పుస్తకాలు, పత్రికలు పేజ్‌మేకర్‌లో, అనూ, శ్రీలిపి వంటి ఫాంట్లలో తయారయ్యాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల బదులు లాటిన్ గుర్తుల గజిబిజి వస్తుంది. పేజ్‌మేకర్ ఆగిపోయి చాలా ఏళ్లయింది. చిన్న ప్రచురణకర్తల, డీటీపీ చేసేవారి దగ్గర సీడీల్లో, పాత కంప్యూటర్లలో పాతికేళ్ల తెలుగు సాహిత్యం ఇలా పడి ఉంది. ఇప్పుడు తీసుకుంటే స్కానింగ్ అవసరం లేకుండా నేరుగా అక్షరాలే దొరుకుతాయి, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. పుటకయ్యే ఖర్చు స్కానింగ్‌తో పోలిస్తే ఏపాటి? ఇంకో పదేళ్లు ఆగితే ఆ సీడీలు చదవబడవు. అప్పుడు 2005లో అచ్చయిన పుస్తకాన్ని కూడా 1905 నాటి పుస్తకంలాగే కాగితం నుంచి స్కాన్ చేసుకోవాల్సి వస్తుంది.

6. నష్టపోతున్నది ఎవరు

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రెండు వందల ఏళ్ల కిందట కావలి సోదరుల వంటి సహాయకులతో సేకరింపజేసిన కైఫియత్తుల్లో మన ఊళ్ల చరిత్ర ఉంది. చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎంత, ఏ కరువులో ఊరు పాడుబడింది అన్నవి అందులో ఉంటాయి. తన ఊరి గురించి తెలుసుకోవాలనుకున్న బడిపంతులు వాటికోసం చెన్నై వెళ్లి, బస చేసి, అనుమతి తెచ్చుకోవాలా? సి.పి.బ్రౌన్ కడపలో సొంత జీతం పెట్టి, అప్పులు చేసి పండితులతో శుద్ధప్రతులు రాయించాడు. ఆ ప్రతుల మీదే తరువాత మన కావ్యాలు అచ్చుకెక్కాయి. ఒక విదేశీ ఉద్యోగి జేబులోంచి పెట్టిన ఖర్చును ఈ రోజు రెండు ప్రభుత్వాలు కలిసి భరించలేవంటే మేం నమ్మలేం.

పరిశోధక విద్యార్థి సంగతి చూడండి. ఫెలోషిప్ రానివాడు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో, వేటపాలెం సారస్వత నికేతనానికో వెళ్లి 1920ల నాటి పత్రిక సంపుటం అడుగుతాడు. ముట్టుకుంటే పొడి రాలుతుంది కాబట్టి ఇవ్వలేమంటారు. వాళ్లు అనేది న్యాయమే. స్కాన్ చేసిన ప్రతి ఉందా అంటే, చేశారు గానీ ఎక్కడుందో తెలియదంటారు. అతని సిద్ధాంత గ్రంథంలో ఆ అధ్యాయం ఉండదు. యక్షగానం ఆడే కుటుంబానికి తమ తాతలు ఆడిన పాఠం దొరకదు. చిన్న ప్రచురణకర్త తప్పుల ప్రతినే మళ్లీ అచ్చేస్తాడు.

ఫోనే కంప్యూటర్‌గా ఉన్న పాఠకుణ్ణి కూడా గుర్తు పెట్టుకోండి. భద్రపరిచే అసలు ఫైలు ఏడు జీబీ ఉండొచ్చు, అతనికి ఇచ్చేది ఇరవై ఎంబీ పీడీఎఫ్ అయి ఉండాలి. రెండూ వేర్వేరుగా తయారు చేయాలని టెండర్లో రాయకపోతే రెండింటిలో ఒకటే వస్తుంది.

7. డబ్బు ఎక్కడి నుంచి

పక్క రాష్ట్రం దారి చూపింది. తమిళనాడు ప్రభుత్వం తమిళ్ వర్చువల్ అకాడమీ అనే స్థిరమైన సంస్థకు బాధ్యత అప్పగించి తమిళ డిజిటల్ గ్రంథాలయాన్ని నడుపుతోంది. ప్రాజెక్టు ముగిసినా సంస్థ ఉంటుంది, జీతాలుంటాయి.

కేంద్రం 2025-26 బడ్జెట్‌లో జ్ఞాన భారతం ప్రకటించింది, కోటికి పైగా రాతప్రతులు లక్ష్యం, ఆ ఏడాదికి 60 కోట్ల రూపాయలు. మేం స్వాగతిస్తున్నాం. అయితే లక్ష్యంతో భాగిస్తే ప్రతికి 60 రూపాయలు. ఒక్క ఏడాది కేటాయింపే అయినా, ఒక కట్టను శుభ్రం చేసే మనిషి ఒక పూట కూలికి కూడా అది చాలదు. కేంద్రం ఇచ్చేది స్కానింగ్‌కు ఊతం. నిర్వహణ రాష్ట్రం మీదే పడుతుంది.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సామాజిక బాధ్యత నిధులు వారసత్వ పరిరక్షణకూ, గ్రంథాలయాలకూ ఖర్చు పెట్టవచ్చు, ఏడో షెడ్యూలులో స్పష్టంగా ఉంది. కానీ 2021 జనవరి నుంచి ఆ నిధులను ఏ సంస్థ కార్పస్‌లోనూ (మూలనిధిలోనూ) జమ చేయడానికి వీల్లేదు. కొనసాగే ప్రాజెక్టు అన్నా మొదలైన ఏడాది కాక మూడేళ్లే. కాబట్టి కంపెనీల సొమ్ముతో యంత్రాలు కొనవచ్చు, స్కానింగ్ చేయించవచ్చు, శాశ్వత నిధి మాత్రం ఏర్పడదు. 'సీఎస్‌ఆర్ తెచ్చుకోండి' అని మమ్మల్ని పంపించేసేవారు ఈ నిబంధన దయచేసి చదవాలి.

మిగిలింది మన ఇంట్లోనే ఉంది. గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. రెండు వేలు ఇంటిపన్ను కట్టే కుటుంబం ఏటా 160 రూపాయలు గ్రంథాలయాలకు ఇస్తోంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసిన ఈ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం, బకాయిలు పేరుకుపోవడం మీకు తెలియనిది కాదు. జనం కట్టిన పన్ను అది, ఎవరి దయా కాదు.

పాఠకుల దగ్గర రుసుము వసూలు చేయాలన్న సూచన కూడా వినిపిస్తోంది. మేం ఒప్పుకోం. చదవడం ఉచితంగానే ఉండాలి, జనం ఒకసారి కట్టారు. సినిమాకో, వ్యాపార ప్రచురణకో పెద్ద సైజు బొమ్మ కావాలన్నవారి దగ్గర సేవా రుసుము తీసుకోవచ్చు. కోరినవారికి ఒక్క ప్రతి అచ్చువేసి అమ్మవచ్చు. దీంతోనే సంస్థ నడిచిపోతుందని ఏ ప్రాజెక్టు నివేదికలో రాసినా నమ్మకండి. కరెంటు బిల్లుకు సాయపడుతుంది, జీతాలకు రాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం లాభాలతో ఆంధ్రపత్రికను నిలబెట్టారు. పత్రిక అమ్మకాలతోనే పత్రిక బతకాలని ఆయన కూచోలేదు.

మేం అడుగుతున్నవి

1. ఇకమీదట ప్రభుత్వ సొమ్ముతో జరిగే ఏ డిజిటలీకరణ ప్రాజెక్టులోనైనా మొత్తం విలువలో 30 శాతాన్ని పదేళ్ల నిర్వహణకు విడిగా తీసిపెట్టండి. మార్చి 31తో మురిగిపోని ఖాతాలో వేయండి. ఆ 30 శాతం లేని ప్రతిపాదనకు పరిపాలనా అనుమతి ఇవ్వకండి, స్కాన్ చేసే పేజీలు తగ్గినా సరే.

2. గ్రంథాలయ పన్నులో 5 శాతాన్ని డిజిటల్ పరిరక్షణ ఉపపద్దుగా మార్చండి. పైన చెప్పిన 160 రూపాయల్లో అది 8 రూపాయలు. బకాయిల చెల్లింపునకు గడువు పెట్టి, ఏ పురపాలిక ఎంత బాకీ ఉందో ఏటా ప్రకటించండి.

3. ఒక్కో రాష్ట్రం 25 కోట్లతో శాశ్వత నిధి పెట్టాలి. లెక్క ఇదీ: 7 శాతం వడ్డీ వస్తే 1 కోటి 75 లక్షలు. ధరల పెరుగుదలను తట్టుకోవడానికి 5 శాతం, అంటే 1 కోటి 25 లక్షలు అసలుకే కలపాలి. ఖర్చుకు మిగిలేది 50 లక్షలు. నెలకు 35 వేల చొప్పున ఎనిమిది మందికి ఏడాదికి 33 లక్షల 60 వేలు. ఇద్దరు పరిరక్షకులు, పాత రాత చదవగల సూచీకర్తలు ఇద్దరు, సర్వర్లు చూసే ఒకరు, ఫైళ్లు సరిచూసే ఒకరు, కాపీహక్కులు చూసే ఒకరు, సమన్వయకర్త ఒకరు. మిగతా 16 లక్షల 40 వేలు టేపులకు, డిస్కులకు, కరెంటుకు. వడ్డీ మొత్తం తినేస్తే పదిహేనేళ్లలో నిధి విలువ సగమవుతుంది, కాబట్టి అసలుకు కలిపే నిబంధనను జీవోలోనే రాయాలి.

4. తాళపత్రాలకు పేజీ రేటు రద్దు చేసి కట్ట స్థితిని బట్టి మూడు తరగతుల రేట్లు పెట్టండి. శుభ్రం, పక్క వెలుతురు ఫొటో, రంగుల పట్టీ, కొలబద్ద, తిరిగి కట్టడం అన్నీ అందులో ఉండాలి. బిల్లు పాసయ్యే ముందు వందకు ఐదు బొమ్మలు సొంత ఉద్యోగి తెరిచి చూడాలి. బల్ల స్కానర్ తాటాకు దగ్గరకు రాకూడదు.

5. హైదరాబాద్‌లో ఉన్న ప్రతి ఆంధ్రప్రదేశ్‌లోనూ, అక్కడున్నది ఇక్కడా ఉండేలా రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకోవాలి. చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో, తంజావూరు సరస్వతీ మహల్‌లో ఉన్న తెలుగు ప్రతుల కోసం తమిళనాడుతోనూ మాట్లాడాలి. వారసత్వానికి 2014లో పంపకాలు జరగలేదు.

6. ఫైళ్లు ప్రభుత్వ ఆస్తి అని, కాంట్రాక్టరు అసలు టిఫ్ ఫైళ్లు, సరిచూపు సంఖ్యలు, సూచీ అన్నీ మామూలు ఫార్మాట్లలో అప్పగించాలని టెండర్లో రాయండి. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకునే ఫైళ్లు తీసుకోవద్దు.

7. కాపీహక్కుల భయంతో మొత్తం మూసేయవద్దు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు గడిస్తే పుస్తకం అందరిదీ. గడువు తీరని పుస్తకం గ్రంథాలయంలో కాగితం ప్రతిగా ఉంటే, భద్రపరచడానికి డిజిటల్ ప్రతి దాచుకోవడాన్ని కాపీహక్కుల చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తోంది. ఇప్పుడు దాచండి, గడువు తీరాక తెరవండి. రచయితల మరణ సంవత్సరాల పట్టిక ఒకటి తయారు చేయించండి, సగం చిక్కు దాంతోనే తీరుతుంది.

8. ప్రచురణకర్తల దగ్గరున్న పేజ్‌మేకర్, అనూ ఫైళ్ల సేకరణకు ఏడాది గడువుతో ఒక పిలుపు ఇవ్వండి. హక్కులు వారివే, ప్రతి మాత్రమే మనది.

9. ఇప్పటిదాకా ప్రభుత్వ సొమ్ముతో స్కాన్ అయిన పుస్తకాలు ఎన్ని, ఆ ఫైళ్లు ఈ రోజు ఏ గదిలో, ఏ డిస్కులో ఉన్నాయి, అందులో తెరుచుకుంటున్నవి ఎన్ని అన్న జాబితాను 90 రోజుల్లో ప్రకటించండి. ఈ పనికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. డిస్కులు తెరిచి చూడడానికి మీరు పిలిస్తే మా పనిముట్లతో మేమే వస్తాం.

ఈ తొమ్మిదింటిలో వేటికి ఒప్పుకుంటారో, వేటికి ఒప్పుకోరో, ఎందుకో 60 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. తొమ్మిదో అంశానికి మాత్రం ఈ వారమే ఉత్తర్వు ఇవ్వండి. ఈ వేసవిలో ఆగిపోయే డిస్కులు వచ్చే బడ్జెట్ దాకా ఆగవు.

ఇట్లు,
తెలుగు రాతప్రతుల, పాత ముద్రణల డిజిటలీకరణలో పనిచేస్తున్న పరిరక్షకులు, సూచీకర్తలు, సాంకేతిక సిబ్బంది